దోవకు కంపేసినారు

మా జేజి 1992 వానాకాలంలో చనిపోయింది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమనుండే నల్లరేగడి ఊర్లలో మాదొకటి. వాన పడితే ఆ మట్టిలో చెప్పు వెనకాల ఉండిపోతుంది, మనిషి ముందుకు పోతాడు. మా మాలపల్లె బొందలగడ్డ వాగు అవతల దిబ్బ మీద ఉంది. పల్లె నుంచి అక్కడికి ఒకటే బండిదోవ. ఊర్లో ఒక పెద్దరైతు చేని పక్కన పోయి, వాగు మీది చప్టా దగ్గర తేలుతుంది. మా జేజినాయన పోయిందీ ఆ దోవనే, ఆయన నాయన పోయిందీ ఆ దోవనే.

ఆ పొద్దు పాడె ముందర నడిచేవాళ్ళు దోవ మొదట్లోనే ఆగిపోయినారు. దోవకడ్డంగా నల్లతుమ్మ కంప. ఒకటి రెండు మండలు కాదు, రెండు బండ్ల కంప. ఒకదాంట్లో ఒకటి దూర్చి, పైన బండలు పెట్టి, మేకపిల్ల గూడా దూరకుండా వేసినారు. పాడె మోసేవాళ్ళు తుంపరలో అట్లే నిలబడినారు. ఉపదేశి గొడుగు కింద బైబిలు పట్టుకుని మా నాయన మొగం చూసినాడు. కంప లాగుదామని ఇద్దరు పిల్లోళ్ళు ముందుకు పోతే నాయన వద్దన్నాడు. "శవం మీదుంది. ఇప్పుడు కొట్లాట వద్దు" అని వాగు వైపు తిరిగినాడు. అందరం వాగులోకి దిగినాం. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చినాయి. పాడెను చేతులతో పైకెత్తి పట్టుకుని దాటినాం. బతికినన్నాళ్ళూ ఊరి వాళ్ళకు ఎడంగా నడిచిన జేజి, చచ్చినాక గూడా పక్కదోవనే పోయింది.

కంప ఎందుకేసినారో పల్లెలో అందరికీ తెలుసు. అంతకు ముందేడు అంబేడ్కర్ శతజయంతి. మా పిల్లోళ్ళు పల్లె మొగదల నీలం బోర్డు పాతినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపినారు. దాని గురించి మాట్లాడుకోవడానికి పల్లెలో మీటింగు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఊర్లో హోటలు కాడ మాకు విడిగా పెట్టిన గ్లాసులు కడగడం మానేసినారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒక సంవత్సరం పాటు ఊరు నోరు మూసుకునింది. ఆ మీదట దోవకు కంప పడింది.

కర్మకాండలు ముగిసినాక నాయన అర్జీ రాసినాడు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటే విత్తనం నాటినట్టు రాస్తాడు. "మమ్ములను బొందలగడ్డకు పోనీయక అడ్డగించినారు" అని రాసుకుని ఠాణాకు పోయినాడు. నేనప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నా. తోడు పోయినా.

ఠాణా రైటరు అర్జీ చదివి అడిగినాడు.

"గోడ కట్టినాడా?"

"లేదు సార్."

"తీగెలు లాగినాడా?"

"లేదు సార్. కంప."

"కంపంటే? ఎద్దులు పడి మేస్తాయని ఆయన చేనికి ఆయనేసుకున్నాడు. మిమ్మల్ని పోవద్దని నోటితో అన్నాడా?"

"అనలేదు సార్."

"మరి అడ్డగించింది యాడ? ఏం పెట్టి అడ్డగించినాడు? ఎవుర్ని అడ్డగించినాడు? సరిగా రాసుకోని రాపో."

నాయన బయటికొచ్చి వేపచెట్టు కింద కూసున్నాడు. అర్జీలో 'అడ్డగించినారు' అనే మాట మీద గీత కొట్టినాడు. చాలాసేపు ఆ గీత పక్కన ఏమీ రాయలేకపోయినాడు. "ఏమని రాయాల్రా?" అన్నాడు. డిగ్రీ చదువుతున్న నాకూ మాట తోచలేదు. ఈ వ్యాసం ఆ పొద్దు తోచని మాట కోసం.

మాటలు లేక కాదు. అడ్డం పెట్టడానికి మా సీమలో ఉన్నన్ని మాటలు ఇంక దేనికీ లేవేమో. కంప అంటే ముళ్ళ మండలు, కొట్టి తెచ్చి పరిచేది. దడి అంటే కట్టెలు వరసగా పాతి తాటినారతో కట్టేది. తడిక అంటే అల్లేది, గుడిసెకు తలుపు అదే. గనిమ అంటే చేనికీ చేనికీ నడుమ గట్టు. నాపబండలు దొరికే బనగానపల్లె, బేతంచెర్ల వైపు బండల్నే నిలువునా పాతి గోడ చేస్తారు. గొర్రెలకు దొడ్డి. దారి తప్పి చేలో పడిన పశువుకు బందెలదొడ్డి. ఇంటికి కడప, దానికి గొళ్ళెం, గొళ్ళానికి బీగం. ఊరికి గవిని. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటి మాటలు ఏరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం తెచ్చినారు. సేద్యపు మాటలకు అట్లాంటి పుస్తకమన్నా ఉంది. ఆ సేద్యంలో మా మీద ప్రయోగించిన మాటలకు పుస్తకం లేదు.

మా జేజి కంచె అనేది కాదు, 'వెలుగు' అనేది. "వెలుగు దాటి పోవాకు రా, కొడతారు" అనేది. బళ్ళో వెలుగంటే దీపం వెలుతురని చదువుకుని వచ్చి ఒకసారి అడిగినా. "వెలుగు దాటితే ఏముంటాదే జేజీ, చీకటా?" అని. "కాదురా, రెడ్డోళ్ళ చెనిక్కాయ చేను" అనింది. పెద్దయినాక తెలిసింది, ఈ వెలుగు తమిళంలో వేలికీ కన్నడంలో బేలికీ చుట్టం అని. వెలుతురుతో దీనికి సంబంధం లేదు. పండితులు కంచె అని రాసుకుని ఈ మాటను వదిలేసినారు. మా జేజి నోట్లో అది బతికింది. ఎందుకంటే ఆ వెలుగు కట్టింది ఆమె.

ఇది అసలు సంగతి. కంప కొట్టేది మేము, మోసేది మేము, పరిచేది మేము. దడి కట్టేది మేము. మా నాయన ముంజేతుల మీద తుమ్మముల్లు గీసిన గీతలు ఎన్నో లెక్క లేదు. ఊర్లో ఏ చేనికి ఏ అడ్డం ఉందో మాకు తెలిసినట్టు ఆ చేని ఆసామికి తెలీదు. ఆ దోవకు కంపేసింది గూడా మా చిన్నాయనే. ఆ రైతు దగ్గర జీతమున్నాడు. పొద్దున్నే పోయి కంప కొట్టి దోవకెయ్యమంటే వేసినాడు. జేజి ఆ మధ్యాన్నం పోయింది. తన చేత్తో వేసిన కంప ముందర తన తల్లి పాడె మోస్తూ నిలబడినాడు. వాగు దాటేటప్పుడు పాడె పట్టుకున్న ఆయన చేతుల మీద రక్తం ఇంకా పచ్చిగానే ఉండింది. మేము చూసినాం. ఎవరం మాట్లాడలేదు.

చేనికి ఇన్ని వెలుగులు కట్టిన ఊర్లో, ఊరికీ మా పల్లెకూ మధ్య మాత్రం ఏ అడ్డమూ లేదు. గోడ లేదు, దడి లేదు, గనిమ గూడా లేదు. ఒక చింతచెట్టు ఉండింది. జేజి ఊర్లోకి పనికి పోతే చింతచెట్టు కాడ చెప్పులు విడిచేది. రచ్చబండ కాడ పైట సర్దుకుని పక్కకు నడిచేది. ఆసామి ఇంటి కాడ వాకిలి బయట నిలబడి "అమ్మయ్యా" అని పిలిచేది. లోపల్నించి ఒక్క మాట వచ్చేది: "ఆడ్నే ఉండు." ఆ మాటే మా గోడ. సున్నం లేదు, రాయి లేదు, కట్టడానికి కూలి లేదు. పగలగొట్టడానికి చేతికి ఏమీ దొరకదు. "ఎడంగా ఉండు", "పక్కకు జరుగు", "దూరంగా పొయ్యి", "కడప తొక్కాకు". మా జేజికి ఊరి పటం ఈ మాటలతోనే తెలుసు. ఏ మాట యాడ వస్తుందో అక్కడ ఆగేది. కొన్నాళ్ళకు మాట రాకముందే ఆగేది.

ఈ కడప సంగతి చూడండి. గడపను మేం కడప అనే అంటాం. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి దాటి దక్షిణంగా పోతే వచ్చే పెద్ద ఊరి పేరూ అదే. తిరుమల కొండకు కడప గనుక ఆ ఊరికి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. దేవుని కడప అంటారు. ఒక కడప పేరు మీద ఊరు వెలిసింది, జిల్లా ఏర్పడింది. దాన్ని మొక్కి లోపలికి పోయేవాళ్ళకు అది మొదలు. కడప బయట నిలబడేవాళ్ళకు అది ఆఖరు. ఒకటే కొయ్య.

గవిని కథ గూడా అట్లాంటిదే. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంఫిణీకి దత్తం చేసేనాటికి ఇవి పాలెగాళ్ళ సీమ. ఊరి చుట్టూ మట్టిగోడ, మూలలకు బురుజులు, రాకపోకలకు ఒకటో రెండో గవిన్లు. చీకటి పడితే గవిని మూసేవాళ్ళు. ఆ మూసిన గవినికి బయట ఉన్నది మా పల్లెలు. మా జేజి తన అవ్వ చెప్పిన మాట చెప్పేది: "దొంగలొస్తే ముందు మన కుక్కలే మొరుగుతాయి, ముందు మన గుడిసెలే కాలుతాయి, ఊరు మేలుకుంటాది." చరిత్ర పుస్తకాల్లో బురుజుల గురించి రాస్తారు. బురుజు నీడ ఎటు పడిందో రాయరు. మా వైపు పడింది.

మాట గోడ అవుతుందని పెద్దకులాలకు తెలియక కాదు. 1928 నవంబరులో నంద్యాలలోనే ఆంధ్రమహాసభ జరిగింది. దత్తమండలాలు అనే పేరు అవమానంగా ఉంది, ఎవరో ఎవరికో దానమిచ్చిన సొత్తు మాదిరి ఉంది అని చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అనే పేరు పెట్టమన్నారు. సభ ఒప్పుకునింది. ఒక్క మాటలో ఎంత అవమానముంటుందో గుర్తించిన ఊరు నంద్యాల. మంచిదే. ఆ రాయలసీమలో మేం 'వెలివాడ'గానే మిగిలినాం. వెలి అంటే బయట. వెలివాడ, వెలివేత, వెలిబతుకు. బయట అనడానికి ఒక 'లోపల' ఉండాలి, ఆ లోపల ఎవరిదో ముందే తేలిపోయి ఉండాలి.

మా పేరు మేమే మార్చుకునే పని దానికి పదకొండేండ్ల ముందే మొదలైంది. 1917లో బెజవాడలో పంచముల సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేం అయిదో వర్ణం కాదు, ఈ నేలకు ఆదివాళ్ళం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. సభ జరిగినప్పుడు కనకదుర్గ గుడి తలుపులు మూసేసినారు. పంచములు ఎక్కడ లోపలికి వస్తారో అని. వాళ్ళు గుడి కోసం పోలేదు, పేరు కోసం పోయినారు. అయినా బీగం పడింది. పేరు మార్చుకునేవాడు కడప గూడా దాటుతాడని పూజారికి ముందే అర్థమైంది.

సర్కారు చట్టాలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పక్కోని చేలో పడిన పశువును ఏం చేయాలో చెప్పే బందెదొడ్ల చట్టం 1871లోనే వచ్చింది. మనిషి రోడ్డు మీద నడవచ్చు అని చెప్పడానికి ఇంకో యాభై మూడేండ్లు పట్టింది. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టినాడు, అణగారిన కులాల మనిషి ఏ రోడ్డు మీదైనా నడవచ్చు, సర్కారు బావి, చెరువు, కచేరీ ఏదైనా వాడుకోవచ్చు అని. 1938లో ఎం.సి. రాజా పట్టుబట్టి పౌర అనర్హతలను తొలగించే చట్టం తెచ్చినాడు. 1939లో మధుర మీనాక్షి గుడిలోకి హరిజనులు పోయినాక గుడి ప్రవేశానికి ఒక చట్టం, 1947లో దానికంటే గట్టిది ఇంకొకటి. మా కర్నూలు జిల్లా 1953 దాకా మద్రాసు కిందనే ఉండింది గనుక ఇవన్నీ మాకు వర్తించినవే. 1955 జూన్ 1 నుంచి అంటరానితనం నేరాల చట్టం. అందులో ఏరు, వాగు, బావి, చెరువు, కొళాయి, స్నానఘట్టం, బొందలగడ్డ, రోడ్డు, దారి అన్నీ ఉన్నాయి.

గమనించండి, చట్టం చోట్లను లెక్కపెట్టింది. బావి అనింది, గుడి అనింది, దోవ అనింది. బావికీ నాకూ మధ్య ఉన్నదాన్ని మాత్రం లెక్కపెట్టలేదు. "ఆడ్నే ఉండు" అనే మాటను ఏ సెక్షను కింద రాయాలి? ఆ మాట అనకుండానే ఆగిపోయిన మా జేజి కాళ్ళను ఎవరు సాక్ష్యానికి పిలవాలి? రైటరు అడిగిన ప్రశ్న తప్పుడు ప్రశ్న కాదు. వాడు దుర్మార్గంగా అడిగినాడు, అంతే.

మా తావున దేవుడే కడప దాటి వచ్చే పండగ ఒకటుంది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని మనువాడినాడు. ఆ పెండ్లికి పిలవడానికి కనుమ రోజు పల్లకీ ఎక్కి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా ముప్పైకి పైబడిన ఊర్లు తిరుగుతాడు. పెండ్లికూతురు అడవి పిల్ల. పిలుపు ఊరందరికీ. మా జేజి క్రీస్తును నమ్ముకున్న మనిషయినా పారువేట పల్లకీ వస్తే చింతచెట్టు కాడికి పొయ్యి చూసేది. "సామి మనకాడికి వస్తాడు, మనం సామికాడికి పోగూడదు" అనేది. నవ్వుతూనే అనేది. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు, శివుడికి కబురంపడానికి ఆ కవి ఏ రాజహంసనో పట్టుకోలేదు. గుడిలోకి పోవడానికి ఎవరూ ఆపనిది గబ్బిలం గనుక దాన్ని పట్టుకున్నాడు. మా జేజి ఆ కావ్యం చదవలేదు. ఆ అక్కర ఆమెకు తెలుసు.

మమ్మల్ని ముందు లోపలికి రమ్మన్నది మిషన్ వాళ్ళు. చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో 1850ల నుంచి ఎస్.పి.జి. మిషన్ పని చేసింది. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయినాక మాలపల్లెలు గుంపులు గుంపులుగా మతం కలిసినాయి. గంజి కోసం కలిసినారని ఎగతాళి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గంజి కోసమే అనుకోండి, గంజితో పాటు బడి దొరికింది. మా నాయన గుండ్రటి అక్షరాలు ఆ బడివే. ఆ బడి తలుపు కాడ "ఆడ్నే ఉండు" అన్నవాళ్ళు లేరు.

ఇక్కడ మా పల్లె గురించి ఒక మాట రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా పల్లెకు పడమట మాదిగిండ్లు. మా బావి మాది, వాళ్ళ బావి వాళ్ళది. 1970ల్లో ఒక ఎండాకాలం వాళ్ళ బావి ఎండిపోయింది. మాదిగోళ్ళ ఆడోళ్ళు బిందెలతో మా బావి కాడికి వచ్చినారు. మా వాళ్ళు బావి చుట్టూ దడి కట్టినారు. మా జేజి ఆ దడి ఇవతల నిలబడి చేదతో నీళ్ళు తోడి, పైనుంచి వాళ్ళ బిందెల్లోకి పోసింది. బిందెకు చేద తగలకుండా పోసింది. అప్పుడు ఆమె నోట్లో వచ్చిన మాట నేను విన్నా: "ఆడ్నే ఉండు." అదే మాట, అదే గొంతు. ఊర్లో దినమూ విని విని నేర్చుకున్న మాట. మా చిన్న చర్చిలో గూడా వెనక వరస ఎవరిదో చెప్పకుండానే తెలిసేది. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు మా వాళ్ళల్లో చదువుకున్నోళ్ళు "ఐక్యత చెడగొడుతున్నారు" అని కోపపడినారు. నాకు మా బావి చుట్టూ దడి కనపడింది. వర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పినప్పుడూ అదే కనపడింది. ఆ దడి కట్టిన చేతుల్లో మా నాయన చేతులూ ఉన్నాయి. అది ఒప్పుకోకుండా ఊరి గోడ గురించి మాట్లాడే హక్కు మాకు లేదు.

ఇన్నేండ్లు ఆలోచించినాక నాకు అర్థమైంది ఇది. మాట పనిచేసినన్నాళ్ళు గోడ అక్కర్లేదు. మాట వినడం మానేసినప్పుడు కంప పడుతుంది, ఆ తర్వాత గోడ లేస్తుంది. మా జేజి బతికినన్నాళ్ళు ఆ దోవకు ఎవరూ కంపెయ్యలేదు. గ్లాసు కడగమని చెప్పినోళ్ళు కంపేసినారు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగుర్ని చంపడానికి ముందు జరిగిందేమి? మంచినీళ్ళ చెరువు కాడ ఒక ఆడమనిషి మాట వినకుండా ఎదురు నిలబడింది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలింది, జరిగి కూసోలేదు. మా జిల్లాలోనే పాములపాడు మండలం వేంపెంటలో 1998 జూలై 16న తొమ్మిది మందిని పొట్టన పెట్టుకున్నారు. అది ఇప్పుడు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది, ఆ ఊరి దుఃఖం మారలేదు.

తమిళనాడులో మధుర జిల్లా ఉత్తపురంలో 1989లో ఏకంగా గోడే కట్టినారు, దళితుల వీధికీ తమ వీధికీ మధ్య. పందొమ్మిదేండ్లు నిలబడింది. జనం పోరాడితే 2008 మే 6న అధికారులు ఒక ముక్క పగలగొట్టి దోవ తీసినారు. కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయంలో ఇంకో గోడ. దాని పక్కన బతికేవాళ్ళు అరుంధతీయులు. వాళ్ళల్లో ఎందరో ఇండ్లలో తెలుగు మాట్లాడతారు, మన మాటే. 2019 డిసెంబరు 2 తెల్లారుజామున వానకు తడిసి ఆ గోడ వాళ్ళ ఇండ్ల మీద పడింది. పదిహేడు మంది నిద్రలోనే పోయినారు. అది ఇంటి ప్రహరీ అని ఒకరన్నారు, అంటరాని గోడ అని ఇంకొకరన్నారు. రైటరు ప్రశ్న మళ్ళా వచ్చింది: తన జాగాలో తాను కట్టుకున్న గోడ ఎవర్ని అడ్డగించింది?

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అయిదుగురు విద్యార్థుల్ని హాస్టలు నుంచి బయటికి పంపినప్పుడు వాళ్ళు బయట డేరా వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టినారు. రోహిత్ వేముల 2016 జనవరి 17న పోయినాడు. ఆ పిల్లోళ్ళు చేసింది మా నాయన వేపచెట్టు కింద చేయలేకపోయిన పని. సస్పెన్షన్ అనే మర్యాద మాటను తీసేసి దాని అసలు పేరు పలికినారు. దేశమంతా విన్నది ఆ పేరునే.

నాయన అర్జీ సంగతి చెప్పి ముగిస్తా. 1989 అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికి అమల్లోకి వచ్చి రెండేండ్లు దాటింది. అందులో మూడో సెక్షనులో పద్నాలుగో అంశం, వాడుకలో ఉన్న దోవ హక్కును కాదనడం నేరం అంటుంది. నంద్యాలలో ఒక వకీలు నాకు చెప్పినాడు. ఆ సంగతి నేను నాయనకు చెప్తే ఆయన సెక్షను రాయలేదు. కొత్త కాయితం తీసి ఇట్లా రాసినాడు. మా పల్లె నుంచి బొందలగడ్డకు పోయే బండిదోవకు ఫలానా తేదీ పొద్దున రెండు బండ్ల నల్లతుమ్మ కంప వేసినారు. వేయించింది ఫలానా ఆసామి. వేసింది ఆయన జీతగాడు, నా తమ్ముడు. మా తల్లి శవాన్ని వాగులో మోసుకుపోయినాము. నీళ్ళు రొమ్ములకు వచ్చినవి. అంతే. అడ్డగించినారు అనే మాటే లేదు.

అది చదివి వినిపిస్తే చిన్నాయన లేచొచ్చినాడు. "నేనే ఏసినా. ఎందుకెయ్యమన్యాడో గూడా నాకు జెప్పినాడు. అది గూడా రాయన్నా" అన్నాడు. "ఏమన్యాడు?" అంటే, "గ్లాసులు కడగనోళ్ళు యాడ పూడుచుకుంటారో జూద్దాం అన్యాడు" అని చెప్పినాడు. నాయన అదీ రాసినాడు. చిన్నాయన వేలిముద్ర వేసినాడు. మర్నాడే జీతం పోయింది. ఆ ఏడు నంద్యాల పోయి పత్తి మిల్లులో బోరెలు మోసినాడు.

కేసు కాలేదు. చట్టం కింద నమోదు చేయలేదు. పద్దెనిమిది రోజులకు రెవెన్యూ మనుషులు వచ్చి చూసిపోయినారు, ఒక రాత్రి కంప మాయమైంది. 2016 జనవరి 26 నుంచి ఆ చట్టానికే సవరణ వచ్చి బొందలగడ్డ మాట, సాంఘిక బహిష్కారం మాట అందులో చేరినాయి. అప్పటికి నాయన లేడు. మేలే. కానీ ఉద్యమాల్లో తిరిగే తమ్ముళ్ళకూ చెల్లెండ్లకూ చెప్పేదొకటి. నిజనిర్ధారణకు పోయినప్పుడు 'వివక్ష', 'బహిష్కరణ' అని మన మాటలు ముందు రాసుకోవద్దు. ఏం కంప, ఎన్ని బండ్లు, ఎవరు కొట్టినారు, ఏమని చెప్పి కొట్టించినారు, నీళ్ళు యాడికొచ్చినాయి, ఇవి అడగండి. అవ్వలను అడగండి, యాడ ఆగేదానివి, ఏ మాటకు ఆగేదానివి అని. వాళ్ళు పోతే ఆ పటం పోతుంది.

పోయినేడు చిన్నాయన చనిపోయినాడు. బండిదోవ ఇప్పుడు సగం దాకా సిమెంటు రోడ్డు. ఆ దోవనే మోసుకుపోయినాం. చప్టా కాడ ఎవరో కొత్తగా ఇనుపగేటు పెట్టినారు. ఆ పొద్దు తెరిచే ఉండింది. బీగం మాత్రం గేటుకు వేలాడుతూ ఉండింది.